ఫ్యూరా-2తో కణంలో కాల్షియం కొలవడం: భీమవరంలో నా అనుభవం

కణంలోని కాల్షియంను పట్టి వెలుగు మార్చే రంగు ఫ్యూరా-2. కణంలోకి చేరేలా మలచిన దాని రూపం, ఫ్యూరా-2 ఏఎం సీసాను ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తిప్పకూడదు. డెల్టా గాలిలో, అందులోనూ ముసురు రోజుల్లో, మైనస్ 20 డిగ్రీల సీసాకు క్షణాల్లో చెమ్మ పడుతుంది. సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి, గది వేడికి వచ్చాకే తెరుస్తాను. మైక్రోస్కోపు ముందు కూర్చుని తల పట్టుకునే తప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

చెమ్మంటే అంత భయం ఎందుకంటే, కాల్షియంను పట్టే అణువుకు రుణావేశాలు ఎక్కువ, కణపొర దాన్ని లోపలికి రానివ్వదు. రసాయన శాస్త్రవేత్త రోజర్ చెన్ 1981లో దీనికి విరుగుడు చూపారు: కార్బాక్సిల్ సమూహాలకు ఎస్టర్ ముసుగు తొడిగారు. ముసుగుతో అణువు పొర దాటుతుంది, లోపలి ఎస్టరేజ్ ఎంజైములు ముసుగు తీసేస్తాయి, ఆ తర్వాత అణువు సులువుగా బయటపడలేదు. నీరు తగిలితే ఆ ముసుగు సీసాలోనే ఊడుతుంది. అప్పుడు కణాలు చీకటిగా, చుట్టూ ద్రావణం వెలుగుతూ కనిపిస్తుంది.

50 మైక్రోగ్రాముల సీసాలో 50 మైక్రోలీటర్ల నీరు లేని డీఎంఎస్‌ఓ అనే ద్రావణి పోస్తే సుమారు 1 మిల్లీమోలార్. డీఎంఎస్‌ఓ కూడా గాలిలోని తేమను పీల్చేదే, కాబట్టి పాత సీసా వద్దు. 2 మైక్రోలీటర్ల రంగును అంతే 20 శాతం ప్లూరోనిక్ ఎఫ్-127తో (రంగు నీళ్లలో కలవడానికి తోడ్పడే డిటర్జెంట్ లాంటిది) ముందే కలిపి, 1 మిల్లీలీటరు బఫర్‌లో వేస్తాను. సీరం ఉండకూడదు, అందులోని ఎస్టరేజ్‌లు బయటే పని కానిచ్చేస్తాయి. హీలా కణాలకు (ప్రయోగశాలల్లో పెంచే మానవ కణాలు) గది వేడిలో 30 నుంచి 45 నిమిషాలు చాలు. 37 డిగ్రీల్లో ఉంచితే రంగు కణాంగాల్లోకి కూడా చేరి, కణద్రవ్యం లెక్క చెడుతుంది. కడిగాక మరో 30 నిమిషాలు ఆగాలి. ముసుగు సగం ఊడిన అణువు వెలుగుతుంది గానీ కాల్షియంకు స్పందించదు, దాంతో మనం కొలిచే నిష్పత్తి (340, 380 నానోమీటర్ల కాంతులకు వచ్చే వెలుగుల నిష్పత్తి) కిందే అతుక్కుపోతుంది.

వెలుగు చాలలేదని మోతాదు పెంచేవాళ్లున్నారు, నాకది నచ్చదు. ఫ్యూరా-2 స్వయంగా కాల్షియంను పట్టేదే. ఎక్కువైతే కొలవాల్సిన అలనే చదును చేస్తుంది.

340, 380 నానోమీటర్లతో ఉత్తేజపరిచి, 510 దగ్గర వెలుగు పడతాను. మామూలు గాజు ఆబ్జెక్టివ్ 340ని సరిగా పోనివ్వదు, యూవీ దాటనిచ్చేది కావాలి. మన దగ్గర లెన్సుకి బూజు ఇట్టే పడుతుంది, వాడనప్పుడు దాన్నీ సిలికా జెల్ డబ్బాలోనే దాచండి. నిష్పత్తి తీసేముందు రెండు తరంగదైర్ఘ్యాల నేపథ్యాన్నీ విడివిడిగా తీసేయాలి. 340 దగ్గర కణంలో సహజంగా ఉండే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కూడా వెలుగుతుంది.

కణాల్లో కాల్షియం అల లేపే ప్రేరణగా 100 మైక్రోమోలార్ ఏటీపీ (కణాల శక్తి అణువు) ఇస్తాను. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు! బయట కాల్షియం లేకపోయినా తొలి శిఖరం వస్తుంది, ఎందుకంటే అది లోపలి నిల్వల నుంచి వస్తుంది. దాని వెనకాల సాగే పీఠభూమి మాత్రం మాయమవుతుంది. ఈ తేడా చూడాలంటే బఫర్‌లో కాల్షియం నిజంగా లేకుండా ఉండాలి. ఇక్కడి బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ఒట్టి ఆర్‌ఓ నీళ్లను నమ్మను. శుద్ధజలాన్ని గాజులో కాక ప్లాస్టిక్ సీసాలో ఉంచి, మిగిలిన కాల్షియంను పట్టేసే ఈజీటీఏ కూడా కలుపుతాను.

చివర్న క్రమాంకనం, అంటే నిష్పత్తిని కాల్షియం గాఢతగా మార్చే లెక్క. కణపొర గుండా కాల్షియంను దాటించే అయనోమైసిన్‌తో గరిష్ఠం, ఈజీటీఏతో కనిష్ఠం. ఈజీటీఏ కాల్షియంను పట్టగానే హైడ్రోజన్ అయాన్లు వదులుతుంది, పీహెచ్ పడిపోయి పట్టు సడలుతుంది. చెన్ 1980లో బాప్టా అనే కాల్షియం పట్టే అణువును తయారుచేసింది ఈ పీహెచ్ బెడద తగ్గించడానికే, 1985 నాటి ఫ్యూరా-2 దాని వారసత్వమే. ఈజీటీఏ చేర్చాక పీహెచ్ చూసుకోవాలి.

ఫ్యూరా-2 వియోగ స్థిరాంకాన్ని (సగం రంగు అణువులు కాల్షియంను పట్టుకుని ఉండే గాఢత) పరిశోధన వ్యాసంలోంచి గుడ్డిగా ఎత్తి రాయకండి. 20 డిగ్రీల్లో 135 నానోమోలార్, 37లో 224. మధ్యలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది వేడెక్కుతుంది, మొదటి గంట లెక్క రెండో గంటకు కుదరదు. అలాంటి రోజు నానోమోలార్లలో రాయను, నిష్పత్తినే ఇస్తాను, పక్కన గది ఉష్ణోగ్రత వేస్తాను.