టైటానిక్‌లో ఆ పెద్దావిడ

నిన్న రాత్రి మళ్లీ ‘టైటానిక్’ చూశాను. ఈసారి నా చూపంతా కథ చెప్పే ముసలి రోజ్ మీదే నిలిచిపోయింది. సినిమా అయ్యాక ఆ పాత్ర వేసిన ఆవిడ గురించి చదువుతూ కూర్చుంటే ఎప్పుడు తెల్లారిందో తెలియలేదు.

పేరు గ్లోరియా స్టూవర్ట్. 1910లో కాలిఫోర్నియాలో పుట్టారు. 1933లో వచ్చిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో హీరోయిన్. నటీనటుల యూనియన్ తొలి సభ్యుల్లో ఒకరు. 1940ల్లో సినిమాలు మానేసి కుంచె పట్టుకున్నారు. దాదాపు ముప్పై ఏళ్లు తెర మీద కనిపించలేదు! 1961లో న్యూయార్క్‌లో ఆవిడ పెయింటింగ్స్‌తో ఎగ్జిబిషన్ జరిగింది. డెబ్బై దాటాక అచ్చు పని నేర్చుకుని, సొంత ప్రెస్ పెట్టి, చేత్తో అక్షరాలు పేర్చి పుస్తకాలు వేశారు. నన్ను కదిలించింది ఇదే. ఆ వయసులో కొత్త పని, అదీ అంత ఓపిక కావాల్సిన పని.

87 ఏళ్లకు ఈ రోజ్ పాత్రకే ఆస్కార్ నామినేషన్. అవార్డు రాలేదు, రావాల్సింది అనే నా మనసుకు అనిపిస్తోంది. 2010లో, నూరేళ్లు నిండిన కొద్ది నెలలకే కన్నుమూశారు.

సినిమాలో ముసలి రోజ్ మొదట కనిపించేటప్పుడు చక్రం మీద మట్టిపాత్ర చేస్తూ ఉంటుంది. ఆ సీన్ మళ్లీ వెనక్కి పెట్టి, ఆ చేతుల్నే చూశాను.