రొయ్యల చెరువుకి కెమెరా కాపలా, మరి కెమెరాకి?

భీమవరం నుంచి ఆకివీడు దాకా, ఇటు కాట్రేనికోన, అల్లవరం వైపు ఏ గట్టు మీద చూసినా ఓ ఇనుప స్తంభం, దాని నెత్తిన రెండు కెమెరాలు, కింద మకాంలో వీడియో రికార్డు చేసే ఓ డీవీఆర్ పెట్టె. వనామి రొయ్య పట్టుబడికి వచ్చే రోజుల్లో రాత్రికి రాత్రి వల వేసి ఎత్తుకుపోయేవాళ్ళుంటే కెమెరా పెట్టుకోవడం తప్పేం కాదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. చెరువుకి మనిషిని కాపలా పెట్టే రైతు వాడి ఊరు, ఇంటిపేరు, మేనమామ ఎవరు అన్నీ కూపీ లాగి గానీ పనిలోకి రానివ్వడు. కెమెరా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోన్‌లో బొమ్మ కనపడగానే బిల్లు కట్టేసి, ఫిట్టర్‌కి టీ ఇప్పించి పంపేస్తాడు. ఆ పెట్టె ఓ కంప్యూటరనీ, చాలావాటిలో లోపల నడిచేది లైనక్స్ అనీ, దానికో తాళంచెవి ఉందనీ, అదింకా ఫిట్టర్ జేబులోనే ఉందనీ ఆయనకి చెప్పేవాడు లేడు.

ముందు ఆ తాళంచెవి సంగతి. ఇప్పుడొచ్చే డీవీఆర్‌లు మొదటిసారి ఆన్ చేయగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటాయి. పెట్టేది ఫిట్టరే. షాపు పేరు, పక్కన ఓ @ గుర్తు, పక్కన 123. మీకూ అదే, మీ పక్క చెరువాయనకీ అదే, మండలంలో ఆ షాపు బిగించిన పెట్టెలన్నిటికీ అదే. ఫిట్టర్ దొంగ కాబట్టి ఇలా చేస్తున్నాడనుకోకండి. పాస్‌వర్డ్ మర్చిపోతే డీవీఆర్‌ని తెరవడం పెద్ద తతంగం. పెట్టెలోంచి ఓ క్యూఆర్ కోడో ఫైలో తీసి, బిల్లుతో సహా కంపెనీకి పంపి, వాళ్ళు తిరిగి కోడ్ ఇచ్చేదాకా కూర్చోవాలి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఏమయ్యా, బొమ్మ రావట్లేదు" అని కేకలేసే రైతుకి ఈ కథంతా చెప్పలేక, అందరికీ ఒకటే పెట్టుకుంటాడు. ఆయన బాధ ఆయనది. కానీ దాని ఫలితం ఏమిటంటే, మీ పాస్‌వర్డ్ మీకు తెలిసిందంటే ఊళ్ళో సగం చెరువుల పాస్‌వర్డ్ మీకు తెలిసినట్టే. వాళ్ళకి మీదీ తెలిసినట్టే. షాపులో కుర్రాడు జీతం చాలక ఎదురు షాపుకి మారితే పాస్‌వర్డ్ కూడా వాడితోనే మారుతుంది.

"మా పెట్టె ఎక్కడో చెరువు మధ్యలో ఉంది, దాన్ని ఎవడు పట్టుకుంటాడండీ" అనేవాళ్ళున్నారు. గట్టు మీద నెట్ వచ్చేది సిమ్ వేసే రౌటర్ నుంచి. దానికి సొంతంగా బయటి ఐపీ అడ్రస్ ఉండదు, టెలిఫోన్ కంపెనీ ఎంతోమందికి కలిపి ఒకటి ఇస్తుంది. కాబట్టి మీరు హైదరాబాద్‌లో కూర్చుని డీవీఆర్‌ని నేరుగా పిలవలేరు. అందుకని డీవీఆరే వెళ్ళి తయారీ కంపెనీ సర్వర్‌కి "నేనిక్కడున్నాను" అని చెప్పుకుంటుంది, మీ ఫోన్‌లోని యాప్ కూడా అదే సర్వర్‌ని అడుగుతుంది, అది ఇద్దరినీ కలుపుతుంది. దీన్నే పీటూపీ అంటారు. ఇక్కడ మీ అడ్రస్ అంటే డీవీఆర్ మీద అంటించిన సీరియల్ నంబరే. దూరం అన్న మాటకి ఇందులో అర్థం లేదు.

ఆ నంబర్ ఎవరూ ఊహించలేనిదైతే కొంత నయం. 2018లో ఆస్ట్రియాకి చెందిన సైబర్ భద్రత సంస్థ ఎస్ఈసీ కన్సల్ట్, షియోంగ్‌మై అనే చైనా కంపెనీ పెట్టెల్లో ఈ నంబర్‌ని నెట్‌వర్క్ కార్డు అడ్రస్ నుంచే తయారుచేస్తున్నారని, అంటే వరసగా లెక్కకట్టి పట్టుకోవచ్చని బయటపెట్టింది. పైగా అడ్మిన్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ ఖాళీ! ఈ కంపెనీ తన పేరుతో అమ్మేది తక్కువ, వేరేవాళ్ళ లేబుళ్ళతో అమ్ముడుపోయేది ఎక్కువ. పెట్టె మీద ఏ పేరుందో చూసి లోపల ఎవరిదో చెప్పలేం.

అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, మిరాయ్ అనే ప్రోగ్రాం ప్రపంచమంతా తిరిగి కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లని తన గుప్పిట్లోకి పోగేసింది. దాని చేతిలో ఉన్న ఆయుధం అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా, అంతే. అడ్మిన్-అడ్మిన్, రూట్-12345 తరహావి. దాన్ని రాసిన కుర్రాళ్ళ గొడవ మొదట మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల మీద. తర్వాత కోడ్ బయట పడేశారు, దాంతో వేరెవరో అక్టోబర్ 21న, పట్టుకున్న పెట్టెలన్నిటి చేతా ఒకేసారి పిలిపించి, వెబ్‌సైట్ల పేర్లకి అడ్రస్ చెప్పే డిన్ అనే కంపెనీని ముంచెత్తితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. దాడికి గురైనవాడికి ఏడుపు మిగిలింది గానీ, కెమెరా యజమానికి ఏమీ తెలియదు. బొమ్మ మామూలుగానే వస్తుంది, నెట్ కాస్త నెమ్మదిగా ఉంటుంది, ఆయన సిమ్ కంపెనీని తిట్టుకుంటాడు.

ఇక చేయాల్సింది. కెమెరా యాప్‌లో అకౌంట్ మీ నంబర్ మీద, మీ మెయిల్ మీద తెరవండి. ఫిట్టర్ తన అకౌంట్‌లో డీవీఆర్‌ని చేర్చి మీకు "షేర్" చేశాడంటే అసలు యజమాని ఆయనే, మీరు చూసిపోయే చుట్టం. దాన్ని ఆయన చేతే తీయించి, మీ అకౌంట్‌లో చేర్పించుకోవాలి. తర్వాత మకాంలో మానిటర్ ముందు కూర్చుని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఆయన ఎదురుగానే మార్చండి, మొహమాటమేం లేదు. రీసెట్ కోసం అడిగే మెయిల్, ప్రశ్నలు కూడా మీవే పెట్టాలి. ఇది మర్చిపోతే పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, పాత మెయిల్‌తో మళ్ళీ మార్చేస్తారు. ఫిట్టర్‌కి సర్వీసు కోసం కావాలంటే వేరే యూజర్ చేసివ్వండి, పనయ్యాక దాన్ని ఆపేయండి. కాపలా మనిషికి లైవ్ చూసే హక్కు మాత్రం చాలు. రికార్డింగ్ చెరిపే హక్కు, కెమెరా ఆపే హక్కు ఆయనకెందుకు? నెట్‌వర్క్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ (పెట్టె తనంతట తనే రౌటర్‌లో బయటికి దారి తెరిపించుకునే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపండి, యాప్‌లో చూడటానికి దాని అవసరం లేదు. రౌటర్ పాస్‌వర్డ్ కూడా దాని వెనక స్టిక్కర్ మీద ఉన్నదే ఉంచకండి.

కొత్త పాస్‌వర్డ్ మేత లెక్కల పుస్తకంలో చివరి పేజీలో రాసుకుంటే తప్పా అంటే, నన్నడిగితే కాదు. చైనాలోనో బ్రెజిల్‌లోనో కూర్చున్నవాడు మీ మేత పుస్తకం తిరగేయలేడు. డీవీఆర్ మూత మీద మార్కర్‌తో రాయడం మాత్రం వద్దు.

ఈ కెమెరాలు చూసేది ఎక్కువగా దొంగల్ని కాదు, పనివాళ్ళని. యజమాని హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. డల్లాస్‌లో పగలంటే ఇక్కడ రాత్రి కాబట్టి, కాపలా మనిషి కునుకు తీసిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది. ఆ మనిషీ తక్కువవాడేం కాదు, వారంలో ఏ మూల కనపడదో కనిపెట్టేసి మంచం అక్కడ వేసుకుంటాడు. దీంట్లో తమాషా ఉంది గానీ, కెమెరా పక్క కాలువ రేవు వైపు తిరిగి ఉంటే తమాషా లేదు. ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కునే, స్నానాలు చేసే చోటుని షాపు పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడికీ చూపిస్తున్నారన్నమాట. కెమెరాని కిందికి వంచండి, లేదా సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగం మీద నల్ల డబ్బా గీయండి. రికార్డింగ్‌లో కూడా అక్కడ నలుపే పడుతుంది.

దొంగని పట్టాల్సిన రాత్రి కెమెరా ఎందుకు పడుకుంటుందో కూడా చెప్పాలి. పగలు బొమ్మ బాగుండి, చీకటి పడగానే పోతుందంటే కెమెరా చెడిపోయినట్టు కాదు, వోల్టేజీ చాలట్లేదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, పావు ఆంపియర్ లాగే కెమెరా అర ఆంపియర్ లాగుతుంది. సగం చదరపు మిల్లీమీటర్ రాగి తీగ వంద మీటర్లు లాగితే, పోను రాను కలిపి నిరోధం దాదాపు 7 ఓములు. అంటే 12 వోల్టులు బయల్దేరి అవతలికి ఎనిమిదిన్నరే చేరతాయి. కెమెరా ఆరి, మళ్ళీ వెలిగి, మళ్ళీ ఆరుతుంది. రాగి అని చెప్పి రాగి పూత వేసిన అల్యూమినియం తీగ అంటగడితే ఇంకా ఘోరం. అడాప్టర్‌ని కెమెరా దగ్గర పెట్టడానికి తడి గట్టు మీదుగా 230 వోల్టులు లాగకండి. నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే ఐపీ కెమెరా తీసుకుని ఆ కేబుల్ మీదే 48 వోల్టుల కరెంటు (దీన్ని పీఓఈ అంటారు) ఇస్తే వంద మీటర్ల దాకా ఈ బెడద ఉండదు.

రెండోది సాలెపురుగు. ఆ లైట్లకి దోమలు వస్తాయి, దోమల కోసం సాలెపురుగు కెమెరా ముందే ఇల్లు కడుతుంది, గూడు ఊగిన ప్రతిసారీ ఫోన్‌కి "కదలిక" అని కబురు. రెండు రోజులు చూసి యజమాని నోటిఫికేషన్లు ఆపేస్తాడు. అలారం ఉండీ లేనట్టే. కెమెరాలో ఉన్న లైట్లు ఆపి, విడి ఇన్‌ఫ్రారెడ్ దీపం ఓ గజం పక్కన బిగిస్తే పురుగులు అటు పోతాయి. మనిషిని గుర్తుపట్టే సదుపాయం ఉంటే అదొక్కటే ఉంచి మిగతా కదలిక అలారాలు తీసేయండి.

ఇంతా చేస్తే, రొయ్య దొంగతనం తెలిసేది ఎప్పుడు? పట్టుబడి నాడు, లెక్కకి రావాల్సిన టన్నులు రానప్పుడు. నాలుగు కెమెరాలు, ఒక్కోటి సెకనుకి 2 మెగాబిట్లు రాస్తే రోజుకి 86 జీబీ. ఒక టెరాబైట్ డిస్కులో పట్టేది 11 రోజులు, తర్వాత పాతదాని మీదే కొత్తది రాస్తుంది. పట్టుబడికి మూడు వారాల ముందు జరిగిన దొంగతనం ఎప్పుడో చెరిగిపోయింది. 4 టెరాబైట్ల డిస్కు వేయించండి. గడియారం కూడా చూసుకోండి. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ 2000 జనవరికి వెళ్ళిపోయే పెట్టెలున్నాయి. దొంగ మొహం స్పష్టంగా ఉండి తేదీ పాతికేళ్ళ కిందటిదైతే వకీలుగారికి పండగే. నెట్ నుంచి టైము తెచ్చుకునే ఎన్‌టీపీ ఆన్ చేసి, టైమ్‌జోన్ 5.30 పెడితే నెట్ ఉన్నంతకాలం గడియారం అదే సర్దుకుంటుంది. కేసు దాకా వెళ్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వీడియోతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె, రాయాలి. ఫోన్‌తో మానిటర్‌ని వీడియో తీసి వాట్సాప్‌లో పంపి "ఇదే సాక్ష్యం" అంటే నిలవదు. డీవీఆర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని కదపకుండా ఉంచండి.

కెమెరా కన్నా నాకు భయం వేసేది మొబైల్ స్టార్టర్, అంటే ఫోన్‌తో మోటార్లని ఆన్, ఆఫ్ చేసే పెట్టె. కెమెరాని ఎవడైనా చూస్తే పరువు పోతుంది, స్టార్టర్‌ని ఎవడైనా ఆపితే చెరువు పోతుంది. నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకి పడేది తెల్లవారుజామునే. వత్తుగా పిల్ల వేసిన చెరువులో ఆ సమయంలో నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ ఏరియేటర్లకి తాళం ఒక సిమ్ నంబర్, కంపెనీ పెట్టిచ్చిన నాలుగంకెల పిన్. నంబర్ ఎక్కడుంటుందంటే స్టార్టర్ మూత మీద, పెద్దక్షరాల్లో. పిన్ చాలాచోట్ల 1234. స్టార్టర్‌తో వచ్చిన పుస్తకంలో పిన్ మార్చే ఎస్ఎంఎస్ ఏమిటో ఉంటుంది, ఈ రోజే పంపండి. రిజిస్టర్ చేసిన రెండు మూడు నంబర్ల నుంచి మాత్రమే వినేలా పెట్టండి. మోటారు ఆగినప్పుడు మీకు కాల్ వచ్చేలా ఉంచండి, ఎవరు ఆపినా సరే.

దీని బదులు నెట్ మీద నడిచే యాప్ స్టార్టర్ కొనమని సేల్స్ కుర్రాళ్ళు చెబుతారు. కాల్, ఎస్ఎంఎస్ మీద నడిచేదాన్ని వదులుకోకండి. 2022 మే నెలలో అమలాపురంలో గొడవలయ్యాక ఇంటర్నెట్ ఆపేశారు, అలాంటప్పుడు యాప్ ఉత్త బొమ్మే. పాత స్టార్టర్లలో ఉండేది 2జీ మాడ్యూల్, జియోకి 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వేస్తే ఎంత సిగ్నలున్నా పలకదు. రీఛార్జ్ తేదీ గోడ క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. గడువు దాటితే ముందు మీకు రావాల్సిన అలారం కాల్స్ ఆగుతాయి, ఇంకా వదిలేస్తే నంబర్ రద్దయి, కనీసం 90 రోజుల తర్వాత వేరెవరికో వెళ్ళిపోతుంది. ఆ సిమ్ ఎవరి పేరున ఉందో కూడా చూడండి. ఫిట్టర్ పేరునో, పని మానేసిన గుమస్తా పేరునో ఉంటే, దాన్ని రద్దు చేయించే హక్కు వాళ్ళది. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ ఫోన్ నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే మీ పేరున ఉన్న నంబర్లన్నీ కనిపిస్తాయి. స్టార్టర్ నంబర్ ఆ జాబితాలో లేకపోతే కొత్త సిమ్ మీ పేరున తీసి వేయండి.