కార్పెట్ కింద దొరికిన మరక

ఒహాయోలో 1996లో కట్టిన ఇల్లు మాది. కొన్నప్పటి నుంచి హాల్లో అదే కార్పెట్. ఇప్పుడు దాని బదులు వినైల్ ప్లాంకులు, అంటే చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు వేయిస్తున్నాం. పాతది తీయడానికి విడిగా డబ్బులు అడిగారు. పిల్లలకూ పని తెలుస్తుందని మేమే దిగాం.

శనివారం పొద్దున్నే మాస్కులు, చేతి తొడుగులు, బూట్లు వేసుకున్నాం. "ఇంట్లో బూట్లా?" అని మా చిన్నాడు నోరు తెరిచాడు. ఈ ఒక్కరోజుకే అన్నాను. మూలన కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే చరచరా లేచి వచ్చింది. వెనక్కి మడిచి, మూడడుగుల వెడల్పున కోసి, చాపల్లా చుట్టి టేపు వేశాం. అంతకంటే వెడల్పయితే మోయలేం. నీళ్లు చిలకరిస్తే దుమ్ము తగ్గింది. గోడల వెంబడి మేకులు పైకి పొడుచుకుని ఉండే చెక్క పట్టీలుంటాయి, వాటిని మాత్రం పిల్లలకు ఇవ్వకండి. 1980కి ముందు కట్టిన ఇల్లయి, కింద పాత టైల్స్ కనిపిస్తే అక్కడితో ఆగండి. వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి.

కార్పెట్ కింది మెత్తటి ప్యాడ్‌ని వందల స్టేపుల్ పిన్నులతో బిగించారు. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే పీకుతూ, సోఫా ఉండే చోట ఆగింది.

"అమ్మా, ఈ పసుపు మరక ఏంటి?"

దానికి నాలుగేళ్లప్పుడు పప్పన్నం గిన్నె తెచ్చుకుని అక్కడ కూర్చుంది. ఒలికింది. నేను అరిచిన అరుపుకి బిక్కచచ్చిపోయింది. ఆ తర్వాత హాల్లో చేత్తో తినడం బంద్. మా అమ్మ వచ్చినప్పుడు కింద కూర్చుని గోరుచిక్కుడు ఒలుచుకుంటానన్నా, "టేబుల్ మీద పెట్టుకో అమ్మా" అనేదాన్ని. పిల్లలకు మన అలవాట్లు రావట్లేదని ఎన్నిసార్లు బాధపడ్డానో! రానివ్వనిది నేనే.

అదంతా చెప్పి, సారీ అన్నాను. "నాకు గుర్తే లేదు" అంది. నాకు గుర్తుంది.

కొత్త ప్లాంకులు ఇంటి వేడికి అలవాటు పడాలని రెండు రోజులు పెట్టెల్లోనే ఉంచాం. ఈలోగా కార్పెట్ కింద నేలగా ఉన్న ప్లైవుడ్‌కి, కిర్రుమంటున్న చోట స్క్రూలు బిగించి, శుభ్రంగా ఊడ్చి, ఆదివారం రాత్రి దాని మీదే దుప్పటి పరుచుకుని భోజనాలకు కూర్చున్నాం. ముద్దపప్పు, ఆవకాయ. వీడియో కాల్లో మా అమ్మ "బాసింపట్టు వేసుకోండి నాన్నా, కాళ్లు చాపకూడదు" అంటోంది. పది నిమిషాలకే చిన్నాడికి కాళ్లు తిమ్మిరెక్కాయి. గోడకు ఆనుకుని, మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు.