రేటెంత పలికింది?

మా అక్కను తుగ్గలి పక్కన ఒక పల్లెకు ఇచ్చి పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో పండగలకూ పెళ్లిళ్లకూ పోయి వచ్చాను గానీ, ఆ ఇంటివాళ్లు ఎలా సంపాదిస్తారో, ఆ డబ్బు ఎటు పోతుందో ఒక్కరోజు కూడా దగ్గరుండి చూడలేదు. మొన్న దసరాకు ముందు నాలుగు రోజులు సెలవు దొరికింది. ఈసారి అక్క వాళ్ల మామ వెంబడి పత్తికొండ టమోటా మార్కెట్‌కు పోవాలని ముందే అనుకుని బయలుదేరాను.

నంద్యాలలో గుంతకల్లు వైపు పోయే రైలెక్కాను. మాది కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది ఊరు. కిటికీలోంచి వరి కనపడినంత సేపు ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తుంది. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గుట్టలు మొదలవుతాయి. డోన్ దాటాక నేల ఎర్రబడి, చెట్లు పలచబడి, ఆకాశం పెద్దదవుతుంది. 2022లో కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల వేరే జిల్లా అయింది. నన్నడిగితే నీళ్ల లెక్కన ఈ తూర్పూ పడమరా ఎప్పుడో విడిపోయినవే.

తుగ్గలి స్టేషన్‌కు బావ బండి తెచ్చాడు. నా సంచి అందుకుంటూ మొదట అడిగిన మాట, "నంద్యాలలో టమోటా ఎంతుంది బావా?" అని. కిలో ఇరవై రెండుకు కొన్నామని చెప్పాను. బండి స్టార్ట్ చేయబోయినవాడు ఆగి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాతే అమ్మ ఎలా ఉంది, నాన్న ఎలా ఉన్నాడు అని అడిగాడు.

మేము ఇల్లు చేరేసరికి వాకిట్లో వేపచెట్టు కింద కాయ రాసి పోసి ఉంది. మధ్యాహ్నం ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చి కోసి పోయారట. మామ, అక్క ఇద్దరూ కూర్చుని ఏరుతున్నారు. బాగా పండినవి ఒక పక్క, దోరకాయ ఒక పక్క, పగిలినవీ పుచ్చు తగిలినవీ ఎద్దులకు. దోరకాయకే గిరాకీ ఎక్కువని అక్క చెప్పింది. లారీలో రెండు రోజులు ప్రయాణం చేసినా అది నలగదు. నేనూ కూర్చున్నాను. బాగున్న కాయలు ఏరి బాక్సు పైన పేర్చబోతే మామ ఆపాడు.

"అట్ల వద్దప్పా. పైన ఒకటి కింద ఒకటి పెడితే రేపటినుంచి మన బాక్సు దగ్గరికి ఎవరూ రారు. రేటు మన చేతిలో ఉండేది కాదు. కాయ ఒక్కటే మన చేతిలో ఉండేది. దాన్నన్నా నికరంగా పెడదాం."

ఆ రాత్రి 42 బాక్సులు నిండాయి. ఒక్కోటి 25 కిలోలు.

తెల్లవారుజామున నాలుగింటికి ఆటో వచ్చింది. మామా నేనూ డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. పత్తికొండ దగ్గర పడేకొద్దీ ప్రతి పల్లె దారిలోంచీ ఒక ఆటో, ఒక ట్రాక్టరు, ఒక బొలేరో వచ్చి మా వరసలో కలుస్తోంది. అన్నిట్లోనూ అదే సరుకు. బండ్లు పెరిగేకొద్దీ మామ మాటలు తగ్గాయి. మార్కెట్‌కు పోకముందే ఆయనకు దారిలోనే తెలిసిపోతోంది, ఈరోజు సరుకు ఎక్కువ వస్తోంది, రేటు దిగుతుందని.

అందరి కాయా ఒకేసారి ఎందుకు వస్తుందని అడిగాను. తొలకరి పడితే ఆ వారం పది రోజుల్లోనే అందరూ నారు నాటుతారు, వాన కోసం కాచుకున్న నేల కదా అన్నాడు. హంద్రీ-నీవా కాలువ వచ్చాక కొందరు వెనకా ముందూ వేసుకోగలుగుతున్నారు గానీ, వానమీద ఆధారపడేవాళ్లే ఇంకా ఎక్కువ. బుడ్డలైతే (వేరుశెనగను ఇక్కడ అలాగే అంటారు) ఎండబెట్టి మూటగట్టి రేటు కోసం ఆగొచ్చు. మిరపకాయకు కోల్డ్ స్టోరేజీ ఉంది. టమోటా ఆగదు. కోసిన కాయ ఈరోజు కాకపోతే రేపు అమ్మాల్సిందే. ఈ సంగతి కొనేవాళ్లకూ తెలుసు. 2023 జూలైలో దేశమంతటా టమోటా కిలో వంద దాటినప్పుడు మామ చేలో ఇంకా మొక్కలే ఉన్నాయి. కాయ కోతకు వచ్చేసరికి ఆ రేటు లేదు.

మార్కెట్‌లో అప్పటికే పట్టపగల్లా లైట్లు. నేలంతా చితికిన టమోటాల తడి, పులుపు వాసన. హమాలీలు బాక్సులు దించే వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. కర్ణాటక, తమిళనాడు, తెలంగాణ నంబర్ల లారీలు వెనక వరసగా నిలబడి ఉన్నాయి. మా బాక్సులు ఒక మండీ (కమీషన్ వ్యాపారి అంగడి) ముందు దించి, మామ పక్కకు జరిగి నిలబడ్డాడు.

వేలం మా వరకు వచ్చింది. నోటుపుస్తకం పట్టుకున్న మనిషి ముందు, కొనేవాళ్లు ఆరేడు మంది చుట్టూ. ఒకాయన బాక్సులో చెయ్యి పెట్టి అడుగు కాయ పైకి తీసి చూశాడు. బాక్సు నూట నలభై అన్నారు. నూట నలభై ఐదు, నూట యాభై. ఐదు ఐదు చొప్పున పాకి నూట డెబ్బై దగ్గర ఆగింది. రాసుకున్నారు, పక్క రైతు దగ్గరికి పోయారు. నా చేతిలో టీ గ్లాసు సగం కూడా కాలేదు.

ఆ రెండు నిమిషాలు నేను మామనే చూస్తున్నాను. జూన్‌లో దుక్కి దున్నినప్పటినుంచి ఆ పంటకు సంబంధించిన ప్రతి పనిలో ఆయన చెయ్యి ఉంది. నారు ఎప్పుడు వేయాలి, మందు ఎప్పుడు కొట్టాలి, ఎవరిని కూలికి పిలవాలి, అన్నీ ఆయన మాటే. ఈ రెండు నిమిషాలు మాత్రం చేతులు కట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పుల అంగడిలోనైనా, బొరుగులమ్మే బండి దగ్గరైనా అమ్మేవాడు రేటు చెబుతాడు, కొనేవాడు బేరమాడతాడు. రైతు అమ్మేటప్పుడు మాత్రమే ఇది తలకిందులవుతుంది. ఈ మాట ఇదివరకు విన్నదే. కళ్లముందు చూసినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

చీటీ చేతికొచ్చింది. 42 బాక్సులు నూట డెబ్బై చొప్పున 7,140. అందులో నూటికి పది కమీషన్, 714. హమాలీ బాక్సుకు ఐదు, 210. చేతికి 6,216. మామ ఎంచుకుని, ఆటో అబ్బాయికి 1,050 ఇచ్చాడు. మరో 2,400 విడిగా తీసి తువ్వాలు కొంగులో ముడి వేశాడు. కోసిన ఎనిమిది మందికి మనిషికి మూడు వందలు. "ఇది మనది కాదు, దీన్ని ముట్టకూడదు," అన్నాడు. జేబులో మిగిలింది 2,766. నారు, ఎరువు, మందుల ఖర్చు ఇంకా ఆ లెక్కలోకి రానేలేదు.

బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులు, తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఈ పడమటి సీమలో పొద్దున్నే ఇది తిననివాడు ఉండడు. పొగలు కక్కుతున్న బజ్జీలు దేవుతూనే హోటలామె అడిగింది, "ఏం పెద్దాయనా, ఎంత పలికింది?" నూట డెబ్బై అన్నాడు మామ. "మొన్నటికన్నా తగ్గిందే," అని ఆమె మరో బజ్జీ తెచ్చి ఆయన ఆకులో వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

అక్కడినుంచి మధ్యాహ్నం దాకా మేము తిరిగిన ప్రతిచోటా ఇదే ప్రశ్న. ఎరువుల అంగడాయన ఖాతా పుస్తకం తీయకముందే అడిగాడు. రేటు విని, ఎంత కట్టమనీ అడగకుండా మామ ఇచ్చిన 1,500 జమ రాసుకున్నాడు. ఇంకా బాకీ ఎంతో నేను చూడలేదు, చూడటం మర్యాద కాదనిపించింది. మందుల అంగట్లో అత్తకు బీపీ మాత్రలు, 340. చెప్పుల అంగట్లో మా మేనకోడలికి స్కూలు బూట్లు, 450. బూట్ల డబ్బు నేనిస్తానంటే మామ నా చెయ్యి పట్టుకుని పక్కకు నెట్టాడు. బట్టల అంగడి గుమ్మంలో కూర్చున్నాయన మమ్మల్ని లోపలికి పిలవలేదు. దసరా వ్యాపారం ఎలా ఉంది అని నేనే అడిగితే, "మాకు పంచాంగం కాదు సార్ ముఖ్యం, టమోటా," అన్నాడు. రేటు మూడు వందలు దాటిన వారం రాత్రి తొమ్మిదైనా షట్టర్ దించే తీరిక ఉండదట. వంద కిందికి పోయిన వారం ఏడింటికే ఇంటికి పోతాడట. టమోటా జ్యూస్ ఫ్యాక్టరీ కావాలని ఇక్కడివాళ్లు ఎన్నో ఏళ్లుగా ఎందుకు అడుగుతూ వచ్చారో ఆ గుమ్మంలో నిలబడ్డాక నాకు బాగా అర్థమైంది. మిగిలిన కాయ కొనేవాడు ఇంకొకడు ఉంటే నూట నలభై దగ్గర మొదలయ్యే పాట కాస్త పైన మొదలవుతుంది.

ఎండ ఎక్కువైంది. బస్సుకు టైముంటే ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం. సర్ థామస్ మన్రో చనిపోయింది ఈ పత్తికొండలోనే. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక, ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఏడేళ్లు పనిచేసి, చేను చేనూ కొలిపించి, దేనికెంత శిస్తో నిర్ణయించి, పాలెగాళ్లు మధ్యలో లేకుండా రైతుతోనే నేరుగా లెక్క పెట్టిన మనిషి. తాము వేసిన శిస్తు రైతుకు మోయలేనిదని తేలి, నూటికి 25 తగ్గించమని 1807లో పైకి రాసినవాడూ ఆయనే. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి దిగి ఇంటికి పోయేముందు ఈ సీమను చివరిసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న కలరాతో ఇక్కడ కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం ఈ ఊళ్లో తోపు వేయించి, రాతిమెట్ల బావి తవ్వించింది.

మామ ఇవేవీ చదవలేదు. ఆయనకు తెలిసింది వేరు. వాళ్ల తాతల కాలంలో మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునేవాళ్లట. "మంచోడో చెడ్డోడో గానీ, చేన్లోకి వచ్చి చూసినాడు కదప్పా," అన్నాడు. ముక్కుపిండి శిస్తు వసూలు చేసిన పరాయి ప్రభుత్వాన్ని నేను మెచ్చుకోలేను. కానీ ఆ మాట మాత్రం నాలో దిగిపోయింది. ఇక్కడి రైతు చేను చూడకుండానే పొద్దున ఆరేడు మంది ఆ చేనికి వెల కట్టారు కదా.

మర్నాడు బావ నన్ను బండి మీద జొన్నగిరి వైపు, ఎర్రగుడి దాకా తిప్పాడు. 1929లో బయటపడ్డ అశోకుడి శాసనాలు ఆ గుండ్ల మీద ఉన్నాయి. కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు చెక్కారు. దారుల పక్కన మనుషులకూ పశువులకూ బావులు తవ్వించాననీ, చెట్లు నాటించాననీ రాజు చెప్పుకున్న మాట అక్కడ ఉంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు రాయి ముందు ఎక్కువసేపు నిలబడాలనుకున్నాను గానీ, బావకు చేలో పని ఉంది.

వస్తూ వస్తూ రోడ్డు పక్క చేలు చూపించి వజ్రాల సంగతి చెప్పాడు. తొలకరి వాన ఎర్రమట్టిని కడిగేశాక జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలలో రాళ్లు తేలతాయి. ఆ నెలా రెండు నెలలూ ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి, గుళ్లలో పడుకుని, పొద్దంతా నడుం వంచి వెతుకుతారు. విత్తనం వేసే చేలు తొక్కుతారని రైతులకు కోపం, దొరికితే దొరుకుతుందేమోనని ఆశ, రెండూ ఉంటాయి. దొరికిన రాయికి రేటు ఎవరు చెబుతారు అని అడిగాను. "ఇంకెవరు, కొనేవాళ్లే," అన్నాడు బావ. దాని విలువ ఎంతో దొరికినవాడికి తెలియదు, బయట చెప్పుకుంటే భయం, ఎంతిస్తే అంత తీసుకుని పోతాడట. టమోటాకైనా వజ్రానికైనా ఈ నేల మీద దారి ఒకటే.

సాయంత్రం కూలి డబ్బు కోసం ఆడవాళ్లు వచ్చారు. మార్కెట్ రోజు రాత్రే ఇచ్చేవాడట గానీ, మేము ఆలస్యంగా చేరడంతో ఒక రోజు వెనకబడింది. మామ తువ్వాలు ముడి విప్పాడు. అందరికన్నా పెద్దామె చెయ్యి చాచకుండానే అడిగింది.

"రేటెంత పలికింది సామీ?"

"నూట డెబ్బై."

ఆమె కాసేపు నేలకేసి చూసింది. "ఎల్లుండి కోతకు ఎంతమందిమి రావాలె?"

"నలుగురు చాలమ్మా. బాగుండే కాయ వరకే కోద్దాం."

ఎవరూ ఏమీ అనలేదు. మూడు వందలు మూడు వందలుగా అందుకుని రవికెలో దోపుకున్నారు. వెంటనే ఇళ్లకు పోలేదు. వేపచెట్టు కింద గుంపుగా నిలబడి, ఎవరింట్లో పిల్లకు జ్వరం, ఎవరికి పొదుపు సంఘం కంతు కట్టాల్సి ఉంది, ఎవరు పోయినసారి ఆగారు అని మెల్లగా మాట్లాడుకుంటూ, ఆ నలుగురు ఎవరో తేల్చుకుంటున్నారు.