ఎవరి ఊరూ కాని చోట, ఆటో మీద

మెల్‌బోర్న్‌లో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్ళకు సెలవులంటే చాలావరకు ఒకటే దారి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విమానం దిగడం, బంధువుల ఇళ్ళు తిరగడం, ఒక పెళ్ళికో పండుగకో హాజరై రావడం. నాకు ఆ ప్రయాణాలంటే ప్రాణం. కానీ పిల్లలు ఎదుగుతున్నకొద్దీ ఒక సంగతి నన్ను వెంటాడసాగింది. తెనాలిలో దిగితే నేను ఇంటిదాన్ని, పిల్లలు చుట్టాలు. ‘పాపకు తెలుగు వచ్చా?’ అన్న పరీక్ష గుమ్మంలోనే మొదలవుతుంది. మెల్‌బోర్న్ చేరగానే అంతా తలకిందులు. అక్కడ పిల్లలకు అన్నీ తెలుసు, నా ఇంగ్లీషు ఉచ్చారణను దిద్దేది పదమూడేళ్ళ నా కూతురే. ఎక్కడికి వెళ్ళినా మాలో ఒకరు తక్కువవాళ్ళం అవుతున్నాం. నలుగురం సమానంగా కొత్తవాళ్ళమయ్యే చోటు ఒకటి కావాలనుకున్నాను. అందుకే ఈసారి జనవరి సెలవుల్లో శ్రీలంక వెళ్ళి, నెగొంబోలో ఒక ఆటో అద్దెకు తీసుకుని అనురాధపుర వైపు బయలుదేరాం. అక్కడి నుంచి క్యాండీ మీదుగా కొండల్లోకి.

శ్రీలంకలో ఆటోలు పది లక్షలకు పైనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ మన బజాజ్ బండ్లే. విదేశీయులు తమ లైసెన్సు, అంతర్జాతీయ అనుమతి పత్రం చూపించి స్థానికంగా కూడా అనుమతి తీసుకుంటే స్వయంగా నడపవచ్చు. ఆస్ట్రేలియాలోలాగే ఎడమవైపు ప్రయాణం కాబట్టి ఆ తికమక లేదు. ఎక్స్‌ప్రెస్ రహదారుల మీదికి ఆటోలను రానివ్వరు. అది మాకు మేలే చేసింది. ప్రతి ఊరి సంతలోంచి, ప్రతి బడి ముందు నుంచి వెళ్ళక తప్పలేదు. తలుపులు లేవు, అద్దాలు లేవు. ఆ చప్పుడులో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా వినిపించేది ఏమీ లేదని పిల్లలకు మొదటి పూటే తెలిసిపోయింది. పక్కన మోటారు సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు ‘ఏ దేశం?’ అని పలకరిస్తారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళే జవాబు చెప్పాలి. ఆస్ట్రేలియా అని మా అమ్మాయి, ఇండియా అని మా వారు, రెండూ అని తొమ్మిదేళ్ళ మా అబ్బాయి.

ఆటో నడిపింది నేను. ఎడమచేతి పిడి నొక్కిపట్టి తిప్పుతూ గేర్లు మార్చాలి, కుడి పిడి తిప్పితే వేగం, కుడికాలి కింద బ్రేకు. మా వారికి అది చేతికి లొంగలేదు. నాకు మాత్రం పదిహేనేళ్ళ వయసులోనే నాన్న నేర్పారు. నాన్న తెనాలిలో ఆటో నడిపి మమ్మల్ని చదివించారు. పొద్దున బడిపిల్లలు, మధ్యాహ్నం మార్కెట్టు సరుకు, రాత్రి రైల్వే స్టేషన్ బేరాలు. పిల్లలకు ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. కానీ వాళ్ళు చూసిన తాతయ్య వీడియో కాల్‌లో కళ్ళజోడు సర్దుకునే పెద్దాయన మాత్రమే. బడిలో వంశవృక్షం రాయమన్నప్పుడు నా కూతురు తాతయ్య వృత్తి దగ్గర ‘రవాణా రంగం’ అని రాసింది. చుట్టూ ఉన్న తెలుగు పిల్లల తాతయ్యలు డాక్టర్లు, ప్రొఫెసర్లు, భూస్వాములు. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది?

గల్గమువ దాటాక క్లచ్ కేబుల్ తెగింది. చుట్టూ పొలాలు, వానలకు నిండిన చెరువు, కనుచూపు మేరలో దుకాణం లేదు. నేను నాన్నకు వీడియో కాల్ చేశాను. ఇంతలో ఎదురుగా వచ్చిన ఒక ఆటో ఆగింది. ఆ డ్రైవరు తన సీటు కింద నుంచి కొత్త కేబుల్ తీశాడు. ఆయనకు సింహళం, కాస్త తమిళం వచ్చు. నాన్నకు తెలుగే వచ్చు. ఫోను పట్టుకున్నది మా అమ్మాయి. నాన్న తెనాలి నుంచి ‘ముందు కింద నట్టు వదులు చేయమను’ అంటుంటే, ఈయన అప్పటికే ఆ పని చేసేసి, ఫోను వైపు చూసి తలూపుతున్నాడు. పావుగంటలో బండి కదిలింది. కేబుల్ ధర తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. దారిలో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న వేసింది: “తాతయ్య రోజూ ఒక్కరే ఇలాంటివి బాగుచేసుకునేవారా?” ఆ రాత్రి నుంచి తాతయ్యకు ఫోను చేసింది తనే, నేను గుర్తు చేయాల్సిన అవసరం లేకుండా.

తంబుత్తేగమ దగ్గర ఉన్న కుడాగమ అనే ఊరికి వెళ్ళాలని నేను ముందే నిర్ణయించుకున్నాను. అహికుంటికులు అనే సంచార జాతివారు అక్కడ స్థిరపడ్డారు. పాములాట, కోతులాట వాళ్ళ పాత జీవనోపాధి, ఆడవాళ్ళు చేయి చూసి జోస్యం చెప్పేవారు. గుడారాలతో ఊరూరా తిరిగినవాళ్ళు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. ఎన్నో తరాల కింద దక్షిణ భారతం నుంచి వెళ్ళినవారి సంతతి. తెలుగు బడి లేదు, తెలుగు పుస్తకం లేదు, తెలుగు లిపి వాళ్ళకు తెలియదు. తూర్పున అక్కరైపత్తు దగ్గర అలిఖంబే వంటి ఊళ్ళలోనూ ఇదే జాతివారు ఉన్నారు. వాళ్ళ గురించి చదివినప్పటి నుంచి నాకు నిద్రపట్టనంత ఆశ్చర్యం. ప్రతి ఆదివారం మన పిల్లలను కారులో ఎక్కించుకుని తెలుగు తరగతికి తీసుకెళ్ళి, వర్క్‌షీట్లు ముద్రించి, బహుమతులు ఆశ పెట్టి మనం చేస్తున్న పనిని వీళ్ళు ఏ ఆసరా లేకుండా చేసుకొచ్చారు!

స్థానికంగా తెలిసినవారి ద్వారా ముందుగా కబురు పంపి, రమ్మన్నాకే వెళ్ళాం. ఫోటోలు తీయవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను. ఒక ముసలావిడ తన ఇంటి వరండాలో కూర్చోబెట్టింది. మా అబ్బాయి దాహమేసి “అమ్మా, నీళ్ళు” అన్నాడు. నేను కదిలేలోపే ఆవిడ లేచి చెంబు తెచ్చింది. పిల్లలిద్దరూ ఉలిక్కిపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ తెలుగులో సింహళం కలిసింది. యాస మాకు కొత్త, సగం మాటలు రెండోసారి అడిగి తెలుసుకోవలసి వచ్చింది. మా తెలుగూ ఆవిడకు అంతే కొత్త. అయినా మాట సాగింది. ఎంతమంది పిల్లలు, ఏం వండుకుంటారు, ఆస్ట్రేలియా ఎంత దూరం, అక్కడ పాములు ఉంటాయా.

ఆ వరండాలో నేను గమనించిన సంగతి ఒకటుంది. తెనాలిలో మా అమ్మాయి తెలుగులో ఒక వాక్యం మొదలుపెట్టి తడబడితే చాలు, ఎదుటివాళ్ళు దయతో ఇంగ్లీషులోకి మారిపోతారు. మారకపోతే నవ్వుతారు. ఇక్కడ ఆవిడకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయికి సింహళం రాదు. ఇద్దరికీ మిగిలింది తెలుగే. తప్పులెన్నేవాళ్ళు ఎవరూ లేరు. ఆస్ట్రేలియా పాముల గురించి మా అమ్మాయి చేతులు తిప్పుతూ, మాటలు వెతుక్కుంటూ, దొరకని చోట అభినయిస్తూ చెప్పుకుపోయింది. అంతసేపు ఆపకుండా తెలుగు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. “మీకు తెలుగు ఎవరు నేర్పారు?” అని అడిగితే ఆవిడకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. అమ్మ మాట్లాడింది, తాను మాట్లాడింది, అంతే. కానీ మనవలు సింహళ బడికి వెళ్తున్నారనీ, ఇంట్లో కూడా సింహళంలోనే జవాబిస్తున్నారనీ ఆవిడ చెప్పినప్పుడు నా గుండె కలుక్కుమంది. ఆవిడ దిగులూ నా దిగులూ ఒకటే.

ఆ ఊరి బతుకును అందంగా చిత్రించి చెప్పలేను. సంచార జాతి అన్న చిన్నచూపు అక్కడ వాళ్ళను వదల్లేదు. పాములాటతో కడుపు నిండే కాలం పోయింది, కూలి పనులే దిక్కు. ‘తెలుగువాళ్ళయితే మనవాళ్ళు వీళ్ళ గురించి ఎందుకు చెప్పుకోరు?’ అని మా అమ్మాయి అడిగింది. చెప్పుకోవాలి. తెలుగు సంఘాల వేదికల మీద తరచూ చెప్పుకోవాలి.

క్యాండీలో బుద్ధుడి దంత ధాతువు ఆలయం చూశాం. 1739 నుంచి 1815 వరకు ఆ రాజ్యాన్ని ఏలింది తెలుగు మూలాలున్న నాయక వంశమని, చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను బ్రిటిష్‌వారు వేలూరుకు పంపేశారని, 1832లో అక్కడే కన్నుమూశాడని చెప్పాను. మా అబ్బాయి శ్రద్ధంతా బయట వినిపిస్తున్న సంగీతం మీదే ఉంది. అక్కడ రొట్టెలు అమ్మే ఆటోలు బీథోవెన్ పియానో బాణీ మోగిస్తూ వీధుల్లో తిరుగుతాయి. పియానో తరగతిలో తాను నేర్చుకున్న బాణీ ఆటోలోంచి వినిపించడం వాడికి పట్టరాని సంతోషం. పరుగెత్తి వెళ్ళి చక్కెర అద్దిన బన్ను తెచ్చుకున్నాడు.

అసలు పరీక్ష నువర ఎలియ అనే కొండ ఊరికి వెళ్ళే దారిలోని రంబొడ కనుమ. నువర ఎలియ దాదాపు 1,870 మీటర్ల ఎత్తున ఉంటుంది. నలుగురి బరువు, సామాను, రెండో గేరు. కొన్ని మలుపుల దగ్గర మొదటి గేరే గతి. అంత నెమ్మదిగా వెళ్ళడం వల్లే తేయాకు తోటల పక్కన వరుస గదులు, వాటి ముందు ఆరేసిన బట్టలు, బడి నుంచి నడిచి వస్తున్న పిల్లలు కనిపించారు. టీ తాగడానికి ఆగిన చోట దుకాణం వాళ్ళ అమ్మాయి మా అమ్మాయి ఈడుదే. ఇంగ్లీషులో మాట కలిపింది. తమిళుల అమ్మాయి. ముత్తాతల కాలంలో తోటపనికి తమిళనాడు నుంచి వచ్చారట.

బండిలో కూర్చున్నాక వాళ్ళ చరిత్ర నేను చెప్పాను. 1948 నాటి పౌరసత్వ చట్టంతో తోట కార్మికుల్లో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, అక్కడి ప్రధాని సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకుని 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ (అప్పటి శ్రీలంక) పంచుకోవాలనుకున్నారు. పుట్టిన నేలను వదిలి, ఎన్నడూ చూడని ‘సొంత’ దేశానికి లక్షల మంది ఓడ ఎక్కారు. మిగిలినవారి చిక్కు తీరడానికి 2003లో చట్టం రావలసి వచ్చింది. మా అమ్మాయిని మెల్‌బోర్న్‌లో తోటిపిల్లలు ‘అసలు మీది ఏ దేశం?’ అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న తనను ఎంత బాధిస్తుందో నాకు తెలుసు. ఆ సాయంత్రం నువర ఎలియ చలిలో దుప్పటి కప్పుకుని తను అంది: “నన్ను బడిలో పిల్లలు అడుగుతారు. వాళ్ళను ప్రభుత్వమే అడిగింది.” నేను దానికి ఏమీ కలపలేదు.

తిరిగొచ్చాక స్నేహితులు అడిగేది భద్రత గురించే. న్యాయమైన ప్రశ్న. చీకటి పడ్డాక నడపకండి. అడవి దారుల్లో ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి, తలుపుల్లేని బండిలో వాటికి దూరంగా ఉండటమే తెలివి. వెనక నుంచి ప్రైవేటు బస్సు హారన్ కొడితే పట్టుదలకు పోకుండా పక్కకు తప్పుకోండి. రోజుకు వంద కిలోమీటర్లు దాటితే పిల్లలకు నడుము నొప్పి, మీకు చేతుల నొప్పి. చంటిపిల్లలతో వద్దు. కుడాగమకు వెళ్ళాలనుకుంటే ముందు అడగండి, వాళ్ళు వద్దంటే వెళ్ళకండి. రమ్మంటే మాత్రం తొందరపడకుండా ఒక పూటంతా కూర్చోండి, పిల్లలను మాట్లాడనివ్వండి. మధ్యలో మీరు మాట అందించకండి.