చెంప రంగు కాగితం వెనక

కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో గోడలన్నీ వెతికినా స్టోనీ బౌస్ దొరకడు. 1781లో చిత్రకారుడు జాన్ డౌన్‌మన్ సుద్దతో గీసిన అతని ముఖచిత్రం అది. వెలుగు పడితే పాడయ్యే రకం కాబట్టి పెట్టెలో ఉంటుంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే గ్రాహం రాబర్ట్‌సన్ స్టడీ రూములో బయటికి తీస్తారు. రెండు మూడు వారాల ముందే మెయిల్ పెట్టడం మంచిది. ఆన్‌లైన్ కేటలాగులో వెతికి బొమ్మ నంబరు కూడా రాయాలి. ఉత్త ‘డౌన్‌మన్ బొమ్మలు’ అంటే ఏ పెట్టె తీయాలో వాళ్ళకు తెలియదు, ఆయన గీసిన ముఖాలు అక్కడ అన్నేసి ఉన్నాయి. వెనక వైపు చూడాలని ఉంటే అదీ ఆ మెయిల్లోనే అడగాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

లండన్ కింగ్స్ క్రాస్‌లో ఫాస్ట్ బండి ఎక్కితే 50 నిమిషాలు. అన్ని ఊళ్ళలో ఆగే బండి ఎక్కితే గంట దాటుతుంది. స్టేషన్ నుంచి హిల్స్ రోడ్, లెన్స్‌ఫీల్డ్ రోడ్ మీదుగా నడిస్తే పాతిక నిమిషాల్లోపే ట్రంపింగ్టన్ స్ట్రీట్. కుడికి తిరిగాక ఎడమ పక్కన రాతి సింహాలు కనిపిస్తాయి. సంచీ, నీళ్ళ సీసా లాకర్లో పెట్టేయాలి. పెన్ను పనికిరాదు, పెన్సిల్ ఒక్కటే. చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వాలి.

సుద్ద అనగానే మనకు బడిలో నల్లబల్ల మీద రాసే ముక్క గుర్తొస్తుంది. ఇది నేలలోంచి తవ్వి తీసే మెత్తటి నల్ల రాయి. గీసిన గీతను స్టంప్‌తో, అంటే తోలునో కాగితాన్నో గట్టిగా చుట్టి మొన తేల్చిన పుల్లతో రుద్దుతారు. గీత పొగలా కరిగి నీడ అవుతుంది. సుద్ద కాగితానికి అంటుకుని ఉంటుందే తప్ప లోపలికి ఇంకదు, వేలి కొస తగిలినా రాలుతుంది. అందుకే బొమ్మ మీదికి వంగి మాట్లాడకూడదు, మౌంటు (బొమ్మను బిగించిన అట్ట) అంచు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు.

డౌన్‌మన్ అసలు కిటుకు చెంపల్లో ఉంది. పల్చటి కాగితం వాడి, చెంపల ఎరుపును నీటిరంగుతో వెనక వైపు వేసేవాడు. ముందు నుంచి చూస్తే రంగు పూసినట్టుండదు, చర్మం కింద నెత్తురు ఆడుతున్నట్టుంటుంది. రంగు తోలును దాటి తెర మీదికి వచ్చే మన తోలుబొమ్మ గుర్తొస్తుంది. కాగితాన్ని అట్టకు పూర్తిగా అతికించేసి ఉంటే ఈ వెనకంతా మూతపడినట్టే. అంచున మాత్రమే పట్టీ వేసి ఉంటే సిబ్బందే తిప్పి చూపించగలరు, మనం తిప్పకూడదు.

ఇంత మెత్తగా గీయించుకున్నది ఎవరు? ఐర్లండ్ నుంచి వచ్చిన చిన్న సైనికాధికారి. మొదటి భార్య ఆస్తి మీద బతికాడు. ఆమె పోయాక, 1777 జనవరిలో, స్ట్రాత్‌మోర్ కౌంటెస్ (ప్రభువుల ఇంటి బిరుదు) మేరీ ఎలినార్ బౌస్ పరువు కోసమన్నట్టు ఒక పత్రికా సంపాదకుడితో ఉత్తుత్తి ద్వంద్వయుద్ధం ఆడి, చావుబతుకుల్లో ఉన్నట్టు నటించి, నాలుగు రోజులకు ఆమెను పెళ్ళాడాడు. పెళ్ళికి ముందే ఆమె తన ఆస్తిని కాపాడుకుంటూ పత్రం రాయించుకుంది. దాన్ని ఆమె చేతే రద్దు చేయించాడు. ఇంట్లో కొట్టాడు. ఆమె పారిపోయి విడాకులకు వెళ్తే 1786లో పట్టపగలు లండన్‌లో ఎత్తుకుపోయాడు. దానికి మూడేళ్ళ జైలు పడింది, 1789లో విడాకులూ వచ్చాయి. డౌన్‌మన్ ముందు కూర్చున్ననాటికి మాత్రం న్యూకాసిల్ ఎంపీ.

ఆ ముఖంలో దుర్మార్గం వెతికితే టైము వృథా. డౌన్‌మన్ దగ్గర కూర్చున్నవాళ్ళంతా ఒకేలా మర్యాదస్తుల్లా తేలతారు, ఆయన పనితనమే అలాంటిది. గది ఇచ్చిన గంటలో స్టంప్ ఎక్కడ ఆగిందో, గీత ఎక్కడ మళ్ళీ గట్టిగా పడిందో చూడండి.

బయటికొచ్చాక ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటకండి. ట్రంపింగ్టన్ స్ట్రీట్ అంచుల్లో హాబ్సన్ పేరు మీదున్న నీటి కాలువలకు మూతలుండవు, కాలు జారితే మడమ మెలిక పడుతుంది.