చలిలో పెరిగిన ఈగ మెదడు

మామిడి కాలంలో మా తిరుపతి ఇళ్లలో, మాగిన తోతాపురి కాయల బుట్ట చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఈగలు మూగుతుంటాయి. కాయను లోపలి నుంచి పాడుచేసే పండు ఈగ వేరు; ఎర్రటి కళ్లతో, పులిసిన రసం కోసం వచ్చే ఈ చిన్నది డ్రోసోఫిలా. నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో మనకు తెలిసినదానిలో పెద్ద భాగం దీని మెదడు నుంచి వచ్చినదే.

ఈ ఈగకు సొంత ఒంటి వేడి ఉండదు. 25 డిగ్రీల వద్ద గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 10 రోజులు పడితే, 18 డిగ్రీల వద్ద దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. ఎదుగుదల వేగం మారినా చివరికి తయారయ్యే మెదడు ఒకటేనని అనుకోవడం సహజం. అయితే 2021లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, తక్కువ ఉష్ణోగ్రతలో నెమ్మదిగా పెరిగిన ఈగల నాడీకణాలకు కొమ్మలు ఎక్కువగా వచ్చాయి, వాటి మధ్య సంధులు, అంటే సినాప్స్‌లు, పెరిగాయి, మామూలుగా జత కట్టని కణాలతో కూడా కలయికలు ఏర్పడ్డాయి. జన్యువులు మారలేదు, మారినది వాతావరణమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కంటిలోని ఆర్7 అనే కాంతిగ్రాహక కణం మీద చేసిన ప్రయోగం. అది ఎక్కువగా జత కట్టే కణాన్ని లేకుండా చేసినప్పుడు, అయినవారు ఊళ్లో లేని ఇంట్లో పనికి పక్కింటివారిని పిలుచుకున్నట్టు, ఆర్7 ఇతర కణాలను చేర్చుకుని తన సంధుల సంఖ్యను మామూలు స్థాయికి తెచ్చుకుంది. ఆ చేర్చుకోవడం కూడా ఉష్ణోగ్రతను బట్టి మారింది. ఎవరితో కలవాలో జన్యువులు ముందే ఖరారు చేసిపెడతాయన్న పాత నమ్మకాన్ని ఈ ఒక్క ఫలితమే గట్టిగా కదిలించిందని నా అభిప్రాయం. నడకలోని కచ్చితత్వం మాత్రం ఏ ఉష్ణోగ్రతలో పెరిగినా చెడలేదు. ఈగలు ఎంత చురుకుగా తిరుగుతాయన్నది తాము పెరిగిన ఉష్ణోగ్రతకు సరిపోయేలా కుదిరింది.

చల్లదనం ఎప్పుడూ సంధులను పెంచుతుందని దీన్నిబట్టి తేల్చడం తప్పు. తేనెటీగల ప్యూపాలను, అంటే పెద్ద ఈగగా రూపు మారే దశలోని పిల్లలను, వేర్వేరు ఉష్ణోగ్రతలలో పెంచి 2004లో ప్రచురించిన జర్మన్ పరిశోధనలో, వాసనల జ్ఞాపకానికి కీలకమైన మెదడు భాగంలోని సంధి గుచ్ఛాలు 34.5 డిగ్రీల వద్ద అత్యధికంగా ఉన్నాయి. ఒక్క డిగ్రీ అటు ఇటు అయినా తగ్గాయి. తేనెతుట్టెలో పిల్లల గదులు మామూలుగా ఉండే ఉష్ణోగ్రత కూడా సరిగ్గా అదే. చలివేళ కూలీ ఈగలు ఎగిరే కండరాలను వణికించి ఆ గదులను వెచ్చబరుస్తాయి. శేషాచలం కొండల కింద ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో తేనెపెట్టెలను మామిడి చెట్ల నీడకు చేర్చి, దగ్గరలో నీళ్లు పెట్టడం చాలా అవసరమని నేను అనుకునేది ఇందుకే: పనిచేసే ఈగలు ఆ నీటిని తెచ్చి అరల మీద పలుచగా పరిచి, రెక్కలతో విసిరి, పిల్లల గదులను చల్లబరుస్తాయి.